గురువారం ఆయాసం

అరవై ఏడేళ్ల వయసులో నేనొక ఆడమనిషి ఇంటికి కాపురానికి వెళ్లాను. పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లినట్టే వెళ్లాను. ఒక ట్రంకుపెట్టె, రెండు దుప్పట్లు, గుండెల్లో కొంచెం దడ. సారె కావిళ్లు మాత్రం లేవు.

ఆవిడ పేరు మంగతాయారు. ఆకివీడు అవతల ఇరవై ఎకరాల రొయ్యల చెరువులు, రోడ్డు మీదికి రెండంతస్తుల మేడ, తెల్ల కారు. నా పేరు సోమలింగం. కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేశాను. అంటే లాకు తలుపులు ఎత్తడం, దించడం. ముప్పై నాలుగేళ్లలో నా చేతుల మీదుగా ఎంత నీరు పోయిందంటే, అదంతా ఒకచోట నిలబెడితే హిమాలయాల మీద పంటు పడవ నడపొచ్చు. నమ్మకపోతే లెక్క కట్టుకోండి. మా ఇంజినీర్లు కట్టలేకపోయారు.

మా పరిచయం ఆ లాకుల దగ్గరే. చెరువులకి నీళ్లు చాలడం లేదని పన్నెండేళ్లు నన్ను తిట్టింది. నేను రిటైరయ్యాక కొత్త లస్కరును తిట్టబోతే వాడు తిరిగి ఒక్క మాటా అనలేదట. తిట్టిన సుఖం లేక నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా భార్య పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆవిడ మొగుడు పద్మనాభం ఆవిణ్ణి వదిలేసి ముప్పై ఏళ్లు. సినిమా హాళ్లకి ఫిల్ము డబ్బాలు మోసుకెళ్లే కంపెనీ మనిషి, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. పోతూ పోతూ ఆవిడ నగలు కూడా పట్టుకుపోయాడు. తర్వాత కోర్టులో తెగతెంపులు అయ్యాయి. చెరువులన్నీ ఆవిడ ఒంటి చేత్తో తవ్వించుకున్నవే.

"ఈ వయసులో పెళ్లీ పేరంటం ఎందుకండీ, ఒకింట్లో ఉందాం," అంది. ఉన్నాం.

మొదటి నెల పింఛను రాగానే కవరులో పెట్టి భోజనాల బల్ల మీద ఆవిడ ముందుంచాను.

"ఏంటండీ ఇది?"

"ఇంటి ఖర్చుకి. నా వంతు."

ఆవిడ కవరు తెరవనైనా తెరవలేదు. రెండు వేళ్లతో నా వైపు తోసింది. "దాచుకోండి లింగంగారూ. మన ఏరేటర్లు ఒక్క పూట తిరిగితే తాగేసే కరెంటు ఇది."

ఏరేటర్లంటే చెరువులో నీళ్లు చిలికి రొయ్యలకి గాలి అందించే యంత్రాలు. ఆవిడ ఎగతాళికి అనలేదు, ఉన్నమాటే చెప్పింది. ఎగతాళి అయితే తిరిగి ఒకటి అనేవాణ్ణి. ఉన్నమాటకి ఏమంటాం? ఆ రోజు నుంచి గట్టు మీద నడుస్తుంటే ఆ యంత్రాల చప్పుడు నన్ను పేరు పెట్టి వెక్కిరిస్తున్నట్టే ఉండేది.

ఇంట్లో నాకు ఏ లోటూ లేదు, అదే నా లోటు. దిండు మెత్తగా ఉండి మెడ పట్టేస్తోంది, మార్చుకోనా అని ఆవిణ్ణి అడిగాను. మార్చుకోండి, దానికి అడగడమేంటి అంది. అయినా మళ్లీ ఫ్యాను వేగం తగ్గించాలన్నా అడిగాను. మోటారు బాగుచెయ్యడానికి వచ్చినవాడు నా మొహంలోకి చూసి, "అమ్మగారు లేరా?" అనేవాడు. రొయ్యల మేత అమ్మే డీలరు రామభద్రం మొదటిసారి వచ్చినప్పుడు కారు దిగి తాళాలు నా చేతిలో పెట్టాడు, నీడలో పెట్టించమని. నాకు కారు నడపడం రాదు. ఆయన వెళ్లేదాకా ఆ తాళాలు పట్టుకుని ఎండలోనే నిలబడ్డాను. లోపల్నించి ఇద్దరి నవ్వులూ వినబడుతున్నాయి. ఇద్దరూ లక్షల్లో మాట్లాడుకుంటున్నారు, ఇద్దరిదీ ఒకటే ఎత్తు.

లేనివాడి అసూయ మంచి పనిమంతురాలు. దానికి కూలివ్వక్కర్లేదు, తిండి పెట్టక్కర్లేదు, సెలవడగదు.

చెరువుల చివర పాత హేచరీ షెడ్డు ఒకటుంది. అందులో రొయ్య పిల్లలు పెంచడం మానేశాక తాయారు దాన్ని డాక్టర్ నీలవేణికి అద్దెకిచ్చింది. ముప్పై అయిదేళ్ల పిల్ల. మందులిచ్చే డాక్టరు కాదు, అలసట మీద పరిశోధన చేస్తుంది. మేకల్ని పెంచుతుందని ఊళ్లో ఎవరూ ఇల్లివ్వలేదట. నేను పొద్దుపోక అటు వెళుతుండేవాణ్ణి.

ఒకరోజు వెళ్లేసరికి షెడ్డులో ఒక మేక కదిలే పట్టా మీద పరుగెడుతోంది. ఇంకొకటి ఫ్యాను కింద అవిసాకు నములుతోంది. రెండింటి మెడలకీ నల్ల పట్టీలు. పావుగంట గడిచింది. పరుగెత్తే మేక నిక్షేపంగా పరుగెడుతూనే ఉంది. ఫ్యాను కిందది నాలుక వేలాడేసి, డొక్కలెగరేస్తూ కూలబడింది.

"ఇదేం చోద్యమమ్మా!" అన్నాను.

"కూర్చున్నది మోస్తోంది బాబాయిగారూ. పరుగెత్తేదాని అలసట దాని మెడ పట్టీ పసిగట్టి దీని ఒంటికి పంపుతుంది. ఈ ఒళ్లు అది తనదేననుకుని తన శక్తి ఖర్చు పెడుతుంది, ఊపిరీ తనదే ఇస్తుంది."

"ఎంత దూరం పోతుందేంటి?"

"ఫోను మోగేంత దూరం."

"మరి మనుషులకో?"

నీలవేణి మేక నోటికి నీళ్ల గిన్నె పెడుతూ నవ్వింది. "పనిచేస్తుందనే నా నమ్మకం. మోసే మనిషి దొరకొద్దూ? పక్కవాళ్ల అలసట ఎవరు పుచ్చుకుంటారండీ, ఊరికే?"

ముప్పై నాలుగేళ్లలో ఎన్ని తలుపులెత్తానో గానీ, నా బుర్రలో తలుపు లేవడం అదే మొదటిసారి.

"పిచ్చా మీకు?" అంది తాయారు, నేను పట్టీల జత బల్ల మీద పెట్టేసరికి.

"నీ దగ్గర అన్నీ ఉన్నాయి. నాకు ఇచ్చుకోడానికి ఈ ఒళ్లొకటే ఉంది. పుచ్చుకో."

"నా అలసట మీరు మొయ్యడమేంటి? నాకేం కాళ్లు పడిపోయాయా?"

"కవరు తోసేశావు. దీన్ని కూడా తోసేస్తావా?"

ఆ మాటకి ఆవిడ చెయ్యి చాపింది. పట్టీ నేనే కట్టాను. గాజుల మధ్య అది ఇమిడిపోయింది. రెండోది నా చేతికి కట్టుకున్నాను.

"ఇది ఎప్పుడు కట్టుకున్నాను, ఎందుకు కట్టుకున్నాను అని నన్ను సతాయించకూడదు మరి," అంది.

"ఇచ్చి ఆరా తీసే వంశం కాదు మాది. ఒక్క మాట అడిగితే నా చెప్పు తీసుకుని నన్నే కొట్టు," అన్నాను, గొప్పగా.

కొత్త అల్లుడి దర్జా అది. డబ్బిచ్చినవాడు ఏమైందని అడక్కపోతే పెద్దమనిషి. ఒళ్లిచ్చినవాడు అడక్కపోతే వెర్రివాడు. ఆ తేడా అప్పుడు తెలియలేదు.

మర్నాటి నుంచి నా పని మొదలైంది. పొద్దున్న ఆరున్నరకి పిక్కలు లాగితే, ఆవిడ గట్టెక్కిందన్నమాట. పదింటికి నడుం పట్టేస్తే, మేత బస్తాలు దగ్గరుండి దింపిస్తోందన్నమాట. నేను వరండాలో పడక్కుర్చీలో కూర్చునే చెమటలు కక్కేవాణ్ణి. పని చెయ్యకుండా చెమట పట్టే మనిషిని చూడ్డానికి పక్క ఊరి నుంచి కూడా వచ్చారు. వాళ్లలో ఒకాయన టిక్కెట్టు పెట్టుకోమని సలహా ఇచ్చాడు.

నిజం చెప్పొద్దూ, అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. ఆవిడ ఎక్కడుందో, ఎంత నడిచిందో, ఏ గట్టు ఎగుడుదిగుడో నా కీళ్లు చెప్పేవి. సాయంత్రం ఆవిడ మల్లెపూవులా ఇంటికొచ్చి, "ఏవండీ, బాగా కష్టపడ్డారా?" అని నా భుజాలు పట్టేది. ఆ ఇంట్లో మొదటిసారి అన్నం నా అన్నంలా అనిపించింది.

నెల తిరిగేసరికి నా బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి. మేడ మెట్లు మధ్యలో ఆగి ఎక్కాల్సి వచ్చేది. నీలవేణి వారానికోసారి నా రక్తం తీసి, బరువు చూసి, మొహం చిట్లించి రాసుకునేది.

తాయారు మాత్రం పదేళ్లు వెనక్కి నడిచింది. పాతచీరలు బయటికి తీసింది. డ్రైవరును మానిపించి కారు తనే నడుపుకుంటూ భీమవరం వెళ్లొచ్చేది. కొత్త చెరువు కౌలుకి తీసుకుంది. రామభద్రం వస్తే గంటల తరబడి కబుర్లు. ఇదివరకు ఆ వేళకి కాళ్లు పీక్కుపోతున్నాయని పడుకునేది. ఇప్పుడు ఆవిడ కాళ్లు నా దగ్గరున్నాయి కదా! నా ఊపిరి ఖర్చుపెట్టి నవ్విన నవ్వు వాడికెందుకు? పడక్కుర్చీలో పడుకుని అదే నెమరేసుకునేవాణ్ణి. ఇచ్చిందీ నేనే, ఏడ్చేదీ నేనే.

అప్పుడు మొదలైంది గురువారం సంగతి.

గురువారం మధ్యాహ్నం రెండింటికి నాకు ఆయాసం వచ్చేది. పిక్కలు లాగేవి కావు, నడుం నొప్పి లేదు. రొమ్ము మీద ఎవరో ధాన్యం బస్తా పెట్టి, దాని మీద ఎక్కి కూర్చున్నట్టుండేది. గాలి పీలిస్తే సగం దారిలో ఆగిపోయేది. నాలుగింటికి ఠక్కున పోయేది. అయిదింటికి తాయారు కారు దిగేది, అలసట లేని మొహంతో.

"ఎక్కడికెళ్లావు తాయారూ?"

"పనుండి," అనేది. ఆపైన అడగడానికి వంశం అడ్డం.

నేను నీళ్లవాణ్ణి. కళ్లు మూసుకుని కాలువలో చెయ్యి పెడితే అది ఏ లాకు దాటి వచ్చిన నీరో చెప్పేవాణ్ణి. తాయారు అలసట నాకు అలాగే తెలుసు. అది బిరుసుగా వస్తుంది, తొందరగా దిగుతుంది, మనిషిలాగే. ఈ గురువారం ఆయాసం ఆవిడది కాదు. వేరే కాలువ నీరు నా తూములోకి వస్తోంది.

ఎవరిది? ఇంకెవరిది, రామభద్రానిదే అనుకున్నాను. వాడికి పట్టీ కట్టి ఇద్దరూ ఏం చేస్తుంటారో అని నేను ఊహించినవి ఇక్కడ రాయను. యాభై ఏళ్లు దాటిన లావుపాటి మనిషి. ఆయాసానికి కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటే అన్నం సయించేది కాదు.

ఆదివారం వాడు మేత లోడుతో వచ్చాడు. ఎదురెళ్లి కుర్చీ వేశాను.

"ఏవండీ రామభద్రంగారూ, గురువారం మధ్యాహ్నం పూట తమరు ఎక్కడుంటారు?"

"గురువారమా? పాలకొల్లు లైనండి నాది. వసూళ్లు."

"ఓహో, పాలకొల్లు. ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. మీరు కూడా అక్కడే ఉంటారుగా?"

"నేనా?"

"అమ్మగారి కారు ప్రతి గురువారం పెంకుటిళ్ల వీధిలో ఆగుంటదండి, పిండిమర పక్కన. మీ ఇద్దరూ చుట్టాలింటికి వెళ్లారనుకుంటన్నా." నా మొహం చూసి వాడి గొంతు దిగిపోయింది. "కాదాండి? నాకెందుకొచ్చిన గొడవ, మేత దింపించుకోండి బాబూ."

ఆ గురువారం తాయారు కారు కదిలిన పది నిమిషాలకి నేను బస్సెక్కాను. పాలకొల్లు పొలిమేరలోనే రొమ్ము మీద బస్తా పడింది. పక్కసీటు ఆయన, "పెద్దాయనా, కిటికీ దగ్గరికి రా," అని తన చోటిచ్చాడు. స్టాండు నుంచి పిండిమర దాకా నాలుగొందల అడుగులు. మూడు అరుగుల మీద కూర్చుని లేచాను. తెల్ల కారు అక్కడే ఉంది. దాని పక్క పెంకుటింటి కిటికీ తెరిచే ఉంది.

నవారు మంచం మీద ఎముకల గూడులాంటి మనిషి దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి తాయారు పట్టీ. పక్కన స్టూలు మీద తాయారు దానిమ్మ గింజలు ఒలుస్తోంది. అతను హాయిగా, ఒక్క బిగిని ఏదో చెప్పుకుపోతున్నాడు. ప్రతి మాటకీ కిటికీ బయట నా డొక్కలు ఎగురుతున్నాయి. మంచం కింద తెల్ల బూట్ల జత, పాలిష్ పెట్టి ఉంది.

పద్మనాభం.

దేవుడా, రామభద్రం అయినా బాగుండేది అనుకున్నాను. వాడు కొత్త తప్పు. ఇది పాత ముడి.

లోపలికి వెళ్లలేదు. వెళ్లినా పోట్లాడ్డానికి గాలి ఉండాలి కదా, అది అతని దగ్గరుంది.

తిరిగొచ్చి నేరుగా షెడ్డుకెళ్లాను. నీలవేణి తలుపు దగ్గరే కాచుకుని ఉంది. కంప్యూటరు తెర మీద నా పట్టీ పంపిన వారం గీతలు చూపించింది. ఆరు రోజులు చిన్న చిన్న అలలు. గురువారం మాత్రం తాటిచెట్టంత.

"ఇది పిన్నిగారి ఒళ్లు కాదు బాబాయిగారూ. ఊపిరితిత్తులు పాడైన మనిషి ఎవరో కట్టుకుంటున్నారు. ఎవరు?"

"ఉన్నారొకరు."

"ఇంకెవరికీ కట్టకూడదని చెప్పాను కదండీ పిన్నిగారికి! మంచి ఒంటి అలసట నిద్రతో తీరుతుంది. జబ్బు ఊపిరి తీరదు. గంట మోస్తే మీకు ఎన్నాళ్లు తరుగుతోందో నాకింకా తెలీదు. తరగడం మాత్రం కనిపిస్తోంది." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడే ఆపేస్తాను. పట్టీ ఇచ్చెయ్యండి."

"వచ్చే గురువారం దాకా ఉంచమ్మా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఇంటికెళ్లేసరికి తాయారు వడ్డిస్తోంది. బీరకాయ రొయ్యలు. నేను కంచం ముందు కూర్చున్నాను గానీ చెయ్యి పెట్టలేదు.

"దానిమ్మకాయలు మనింటికి కూడా తేవచ్చుగా," అన్నాను.

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ఆవిడ బుకాయించే మనిషి కాదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చూశారా?"

"చూశాను. నగలు పట్టుకుపోయాడు చాలక ఇప్పుడు నా ఊపిరి కూడానా?"

"అడగనన్నారుగా."

"అన్నాను. నా చెప్పు నువ్వే తీసుకో. ఎన్నాళ్ల నుంచి?"

"ఏడు వారాలు. వాడి తమ్ముడి కొడుకు తీసుకొచ్చి పెట్టాడు పాలకొల్లులో. కబురు చేశాడు. వెళ్లకూడదనే అనుకున్నాను. వెళ్లాను. చేపని ఒడ్డున పడేస్తే ఎలా కొట్టుకుంటది, అలా కొట్టుకుంటన్నాడండీ. పెద్దాసుపత్రి అయింది, సిలిండర్లు అయినాయి, అన్నీ కొన్నాను. ఊపిరి మాత్రం కొనలేకపోయాను. నా డబ్బు పనిచెయ్యని చోటు అదొక్కటే కనపడింది." నా చేతి పట్టీ వంక చూసింది. "అది మీ దగ్గరుంది."

"అయితే అడగాలి."

"అడిగితే ఇచ్చేవారా?"

"చచ్చినా ఇచ్చేవాణ్ణి కాదు."

"అందుకే అడగలా."

"అంటే వాడంటే నీకింకా..."

"మాట్టాడకండి. ముప్పయ్యేళ్లు తిట్టుకున్నాను వాణ్ణి. తిట్టుకున్న మనిషి కళ్ల ముందు గాలి అందక నల్లబడిపోతంటే, ఏదో అయింది. ప్రేమ కాదు. దానికి పేరేంటో నాకు తెలీదు."

"పేరు లేనిదానికి నా ఆయుష్షు ఖర్చు పెట్టావా తాయారూ?"

ఆవిడ మొహం పాలిపోయింది. నీలవేణి చెప్పింది చెప్పాను. అంతదాకా పోతుందని తనకి నిజంగా తెలియదంది. నిద్రపోతే తీరిపోయే అలసటే అనుకుందట. నమ్మాను. అయినా లోపలిది చల్లారలేదు.

"చూడు. ఈ ఇంట్లో దిండు మార్చుకోవాలంటే నిన్నడిగాను. ఫ్యాను తగ్గించాలంటే నిన్నడిగాను. ఎందుకు? అవి నీవి. ఇది నాది. నా ఒంట్లో గాలి. దీనికి నన్నడగాలని నీకు తోచలేదు చూశావా, అక్కడ కాలింది నాకు. నీ చెరువులో గాలిలాగే ఇదీ నీదే అనుకున్నావు. మీట నొక్కితే తిరుగుతుందనుకున్నావు."

కూర చల్లారిపోయింది. తాయారు పైటచెంగుతో కళ్లొత్తుకుని, తన చేతి పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. రెండు వేళ్లతో నా వైపు తోసింది. తోసి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అక్కడే ఉంచింది.

"ఇప్పుడు అడుగుతన్నాను లింగంగారూ. గురువారం ఒక్క రెండు గంటలు. ఇస్తే ఇవ్వండి, లేపోతే పొయ్యిలో పడెయ్యండి. ఏం చేసినా మిమ్మల్ని ఒక్క మాట అంటే ఒట్టు."

"ఆలోచించి చెబుతాను," అన్నాను.

డబ్బున్నవాళ్ల మాట అది. జన్మలో మొదటిసారి అన్నాను. నోటికి ఎంత రుచిగా ఉందో చెప్పలేను. రొయ్యల కూర దాని ముందు ఎందుకూ పనికిరాదు.

ఆలోచించింది లేదు, పెట్టింది లేదు. వారం రోజులూ మండిపోయాను. గురువారం రెండు పట్టీలూ జేబులో వేసుకుని, ఒక్కణ్ణే పాలకొల్లు బస్సెక్కాను. ఇవ్వడానికి కాదు. గాలి లేకుండా అతను ఎలా ఉంటాడో చూడ్డానికి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

తలుపు తీసే ఉంది. పద్మనాభం దిండ్ల మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ఒక్కో గుక్క తవ్వుకుంటున్నాడు.

"తాయారు... రాలేదా? నువ్వెవరు... డ్రైవరువా?"

"ఆ," అన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"పట్టీ... పంపించిందా?"

"వస్తుంది, ఉండండి."

చెయ్యి జేబులోనే ఉంది. అతను మాటకి మాటకి మధ్య ఆగి గాలి కోసం చూస్తున్నాడు, గోడల వంక, చూరు వంక, అక్కడెక్కడో దాచి పెట్టినట్టు. అయినా గీర తగ్గలేదు.

"దాని మనసు... మారలేదయ్యా డ్రైవరూ. ముప్పయ్యేళ్లయినా... నేను కబురెడితే... వచ్చింది చూడు."

జేబులో పిడికిలి బిగుసుకుంది. పిండిమర ఆడుతోంది. ఎవరివో నాలుగు బియ్యం, తర్వాత ఎవరిదో కారం పట్టారు. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చింది. అతనికి దగ్గు రాబోయింది గానీ దగ్గడానికి కూడా లోపల ఏమీ లేదు. పెదవులు నేరేడు పండు రంగుకి తిరిగాయి. కళ్లు నా మీద నిలిచాయి. డ్రైవరును చూసే చూపు కాదు. లాకు తలుపు ముందు చేలు ఎండిపోయిన రైతు నా వంక అలాగే చూసేవాడు.

చూద్దామని వచ్చినది చూశాను. ఎంతసేపు చూశానో చెప్పను. ఆ కాసేపు నా లెక్కలోనే ఉంటుంది.

లేచి కిటికీ మూశాను. ఒక పట్టీ అతని చేతికి కట్టి, రెండోది నా చేతికి బిగించుకున్నాను. బస్తా వచ్చి నా రొమ్ము మీద పడింది. అతని భుజాలు దిగాయి. పెదవులకి రంగొచ్చింది. ఇప్పుడు నేను మోకాళ్ల మీద చేతులాన్చి వంగాను.

పద్మనాభం నన్ను చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. మళ్లీ నన్ను చూశాడు. సినిమా కంపెనీ మనిషి, అర్థం కావడానికి ఎంతసేపు?

"నువ్వు డ్రైవరువి కాదు."

"కాదు," అన్నాను, ఇప్పుడు మాటలు విరిగేది నాకు. "తాయారింట్లో... ఉండే మనిషిని."

"ఇన్నాళ్లూ ఇది ఏదో మిషను గాలనుకున్నాను. నీదా?"

"నాదే."

అతను తన చేతి పట్టీని వేలితో తడిమాడు. "మరి తాయారు రాలేదేం?"

"ఇక రాదు. గురువారాలు నేనే వస్తా. రెండు గంటలు కాదు... గంటే. పట్టీ తెచ్చేదీ నేనే, పట్టుకెళ్లేదీ నేనే."

"ఎందుకని?"

"కడుపుమంట."

"నా మీదా?" అతని మొహంలో తెల్ల బూట్ల రోజుల వెలుగొకటి తొంగి చూసింది. "ఇలా ఉన్న నా మీదా?"

"నీ మీదే."

అతను తల గోడకి ఆన్చి మెల్లగా అన్నాడు. "ఇరవయ్యేళ్లయిందయ్యా, నన్ను చూసి ఎవరైనా కుళ్లుకుని." జాలిపడి వచ్చినవాళ్లు అతనికి చాలామందే ఉండి ఉంటారు.

ఇంటికెళ్లి తాయారుకి చెప్పాను, వారానికి గంట ఇస్తున్నానని, నువ్వు వెళ్లడానికి వీల్లేదని, మిగతా రోజుల్లో నీ అలసట నువ్వే పడాలని. నా షరతులు విని తల ఊపింది. ఆ సాయంత్రం కాళ్లు పీకుతున్నాయని మూలిగింది. వేణ్ణీళ్లు కాచి పెట్టాను. నీలవేణి నెత్తీ నోరూ కొట్టుకుని, చివరికి కోడిగుడ్లు రోజుకి మూడు తింటానంటేనే ఒప్పుకుంది. తింటున్నాను. గుడ్లు నా పింఛనుతోనే కొంటున్నాను.

మూడో గురువారం పద్మనాభం, "ఊరికే కూర్చునే బదులు ఏదైనా చెప్పవయ్యా," అన్నాడు. ఉప్పుటేరులో నేను పట్టిన జెల్ల చేప కథ మొదలుపెట్టాను. దాన్ని ఒడ్డుకి లాగితే ఏరు మూరెడు తగ్గిందనీ, దాని మీసం తీసి మూడేళ్లు దండెం కట్టుకున్నామనీ, ఒకరోజు దాని మీద ఆరేసిన నా చొక్కాతో సహా అది ఏట్లోకి పోయిందనీ చెప్పాను. అతను పొట్ట పట్టుకుని, దిండ్ల మీద పొర్లి, పెంకులెగిరేలా నవ్వాడు. అంత నవ్వుకీ కావలసిన గాలి నేనే ఇచ్చుకోవాలి. స్టూలు మీంచి జారి, మంచం కోడు పట్టుకుని, చూపు మసకబారేదాకా రొప్పాను.

"ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఊపిరి కూడదీసుకున్నాను. రెండోది కొంచెం తక్కువ నవ్వొచ్చేది చూసి చెప్పాను.